పనుల వంతులు: పదేపదే జరిగే పంపకంలో న్యాయం, భాగస్వామ్యం

ఒక బృందంలోని సభ్యుల మధ్య ఒకే రకం పనులను రోజూనో వారానికోసారో మళ్లీ మళ్లీ పంచుతూ పోయేటప్పుడు భారం ఎవరి మీద ఎంత పడుతోంది, పంపకంలోకి ఎవరు వస్తున్నారు, ఎవరు తప్పుకోగలుగుతున్నారు, ఆ నియమాన్ని ఎవరు రాస్తున్నారు అన్న ప్రశ్నలను పరిశీలించే రంగం ఇది. గణితం, అర్థశాస్త్రం, కంప్యూటర్ సైన్స్, కార్మిక చట్టం ఇక్కడ కలుస్తాయి. పని చేసేది మనిషి కావచ్చు, గోదాములో సరుకు మోసే రోబో కావచ్చు, కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాము కావచ్చు. పరిశోధకులు వీటన్నిటినీ కలిపి ఏజెంట్లు అంటారు. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు, కాలువ నీటి వంతులు, ఇంట్లో అంట్లు, యాప్‌లో వచ్చే ఆర్డర్లు, కాలేజీలో పరీక్షల ఇన్విజిలేషన్ అన్నీ దీని పరిధిలోవే.

ఒక్కసారే పంచేటప్పుడు కళ్లముందున్న వాటాలను పోల్చి చూసుకుంటే సరిపోతుంది. పదేపదే పంచేటప్పుడు నిన్నటి పని ఇవాళ్టికి జమో బాకీయో అవుతుంది కాబట్టి ఒక ఖాతా కావాలి. రాని రోజును ఆ ఖాతాలో ఎలా రాయాలి, వద్దన్న పనిని ఎలా రాయాలి, కొత్తగా చేరినవారిని ఏ అంకెతో మొదలుపెట్టాలి అన్న నిర్ణయాలకు పంపక సూత్రానికున్నంత ప్రాముఖ్యం ఉంది, చాలాచోట్ల అంతకన్నా ఎక్కువే ఉంది. అందుకే ఈ రంగంలో భాగస్వామ్యాన్ని పక్కనపెట్టి న్యాయాన్ని కొలిచిన ప్రతి ప్రయత్నమూ అసంపూర్ణంగానే మిగిలింది.

సిద్ధాంతం నడిచిన దారి

పంపకంలో న్యాయాన్ని గణిత సమస్యగా మలచినవారు పోలండ్ గణితజ్ఞుడు హ్యూగో స్టైన్‌హౌస్, ఆయన సహచరులు స్టెఫాన్ బనాఖ్, బ్రోనిస్వావ్ క్నాస్టర్. స్టైన్‌హౌస్ 1948లో ప్రచురించిన చిన్న వ్యాసం, ప్రతి ఒక్కరికీ తన అంచనా ప్రకారం కనీసం సమ వాటా దక్కే పద్ధతిని పరిచయం చేసింది. 1967లో డంకన్ ఫోలీ మరో కొలత తెచ్చారు: పక్కవారి వాటా తనకు వచ్చి ఉంటే బాగుండేదని ఎవరూ అనుకోకూడదు. దీన్ని అసూయ లేని పంపకం అంటారు. కోరుకునే వస్తువుల కోసం రాసిన ఈ సూత్రాలను వద్దనుకునే పనులకు మళ్లించడం తేలిక కాలేదు. పనుల పంపకాన్ని 1978లో మార్టిన్ గార్డ్‌నర్ విడి సమస్యగా ముందుకు తెచ్చారు. ఎంతమంది ఉన్నా అసూయ లేకుండా వస్తువును పంచే పరిమిత విధానాన్ని హారిస్ అజీజ్, సైమన్ మెకెంజీ 2016లో ఇస్తే, పనులకు అలాంటిది 2018లో వచ్చింది.

ముక్కలు చేయలేని పనుల దగ్గర చిక్కు ఇంకా పెరుగుతుంది. ముగ్గురు నర్సులు, రెండు రాత్రి డ్యూటీలు ఉన్న వారంలో సమానంగా పంచే దారే లేదు. ఎరిక్ బుడిష్ 2011లో రూపుదిద్దిన సడలింపు ఇలాంటి సందర్భాలకు పనికొస్తుంది: ఏదో ఒక్క పనిని లెక్కలోంచి తీసేస్తే అసూయ మిగలకుండా ఉంటే చాలు. ఆ ఒక్క పనీ ప్రతి వారం ఒకే మనిషి నెత్తిన పడితే ఈ సడలింపు అన్యాయానికి ముసుగు అవుతుంది. ఒక్కో వారాన్ని విడిగా చూసేవారికి అది కనిపించదు.

పనులు మళ్లీ మళ్లీ రావడం ఒక విధంగా మేలు చేస్తుంది. అవే పనులు రోజూ వస్తూ, రోజుల సంఖ్య సభ్యుల సంఖ్యకు గుణిజమైతే, ఏదో ఒక పంపకాన్ని అందరి మీదుగా తిప్పితే సరిపోతుంది. గడువు ముగిసేసరికి అందరూ అన్నీ చేసి ఉంటారు. ఎవరి ఇష్టాయిష్టాలు ఎలా ఉన్నా అసూయకు తావుండదు. పంజాబ్, హర్యానా కాలువల కింద నడిచే వారాబందీ ఈ ఆలోచనకు పకడ్బందీ ఉదాహరణ. వారంలోని 168 గంటలను రైతులకు భూమి విస్తీర్ణం మేరకు పంచుతారు. తన వంతు సాగినంతసేపూ పిల్లకాలువలో నీరంతా ఆ రైతుదే. రాత్రిపూట పొలం తడపడం కష్టం, ప్రమాదం కూడా. అందుకని ఏటా వంతుల పట్టికను 12 గంటలు జరుపుతారు. నిరుడు రాత్రి వంతు పడ్డవారికి ఈ ఏడు పగలు వస్తుంది. గంటలు సమానమైనా వాటి బరువు సమానం కాదని గుర్తించి, ఆ తేడాను కాలక్రమంలో సరిచేసే ఏర్పాటు ఇది. నిశితంగా ఆలోచించి రూపొందించిన నియమం.

రేపు ఏ పని వస్తుందో తెలియనప్పుడు పట్టిక తిప్పడం కుదరదు. ఈ స్థితిని బెనాడె, కాజచ్‌కోవ్, ప్రొకాచియా, ప్సోమస్ 2018లో విశ్లేషించారు. వచ్చిన ప్రతి వస్తువునూ చీటీ వేసి ఇచ్చినా, కాలం గడిచేకొద్దీ అసూయ దాదాపు రోజుల సంఖ్యకు వర్గమూలం స్థాయిలోనే పెరుగుతుంది. 100 రోజులకు 10 మేర ఉండే తేడా 10,000 రోజులకు 100 మేర ఉంటుంది. రోజు సగటున చూస్తే అది సున్నా వైపు జారిపోతుంది. వస్తువులను కావాలనే ప్రతికూలంగా ఎంచి పంపే ప్రత్యర్థి ఉన్నప్పుడు ఏ పద్ధతితోనూ ఇంతకన్నా పెద్దగా మెరుగుపరచలేమని కూడా వారు నిరూపించారు. సగటు సున్నాకు చేరుతుందన్న మాట దీర్ఘకాలం నిలిచే బృందానికి ఊరట. మూడు నెలల కాంట్రాక్టు మీద వచ్చి వెళ్లేవారికి ఆ దీర్ఘకాలం ఎప్పటికీ రాదు. సిద్ధాంత గ్రంథాలు ఈ విషయం మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

కారు ఎవరు నడపాలి

ఈ రంగానికి మూలస్తంభం అనదగిన సమస్యను ఐబీఎం పరిశోధకులు రోనాల్డ్ ఫేగిన్, జాన్ విలియమ్స్ 1983లో రాశారు. కొందరు ఉద్యోగులు ఒకే కారులో ఆఫీసుకు వెళ్లాలనుకుంటారు. రోజూ అందరూ రారు. వచ్చినవారిలో ఒకరు నడపాలి. ఎవరు?

వరసగా తిప్పితే తరచుగా వచ్చేవారికీ అప్పుడప్పుడు వచ్చేవారికీ ఒకే భారం పడుతుంది. ఫేగిన్, విలియమ్స్ ప్రతి ప్రయాణాన్నీ ఒక అప్పుగా చూశారు. ఆ రోజు వచ్చినవారు ఆ అప్పును సమానంగా మోస్తారు, నడిపినవారికి మొత్తం జమ అవుతుంది. ముగ్గురున్న బృందంలో ఒక్కో ప్రయాణం విలువ 6 పాయింట్లు అనుకుందాం. మొదటి రోజు పద్మ, రమణ, సలీం ముగ్గురూ వచ్చారు, పద్మ నడిపింది. ముగ్గురి మీదా తలా 2 పాయింట్ల బాకీ, పద్మకు 6 జమ. అంటే పద్మ ఖాతాలో 4, మిగతా ఇద్దరి ఖాతాల్లో మైనస్ 2. రెండో రోజు పద్మ రాలేదు, రమణ నడిపాడు. ఇద్దరి మీదా తలా 3 బాకీ, రమణకు 6 జమ. రమణ 1 దగ్గర, సలీం మైనస్ 5 దగ్గర ఉన్నారు. మూడో రోజు ముగ్గురూ వస్తే అందరికన్నా వెనకబడ్డ సలీం నడపాలి. ఆ రోజు ముగిసేసరికి పద్మ 2, రమణ మైనస్ 1, సలీం మైనస్ 1. మొత్తం ఎప్పుడూ సున్నాయే.

వచ్చినవారిలో ఎక్కువ బాకీ ఉన్నవారే నడపాలన్న ఈ నియమాన్ని పాటిస్తే, ఎన్నేళ్లు గడిచినా ఖాతాల మధ్య తేడా ఒక హద్దు దాటదు. చీటీ వేసే పద్ధతిలో తేడా నెమ్మదిగానైనా పెరుగుతూనే ఉంటుంది. ఖాతా రాసే పద్ధతిలో పెరగదు. 1953లో లాయిడ్ షాప్లీ ప్రతిపాదించిన వాటా సూత్రాన్ని రోజువారీ ప్రయాణ ఖర్చుకు వర్తింపజేసినా వచ్చేది ఇదే సమాన బాకీ. తర్వాత మిక్లోష్ ఐటై, జేమ్స్ ఆస్ప్నెస్, మోనీ నావోర్ తదితరులు ఈ లెక్కను యంత్రాల షెడ్యూలింగుకు విస్తరించారు. వారి నిర్వచనంలో ఒకరికి న్యాయంగా పడాల్సిన భారం ఆ మనిషి పాల్గొన్న పనుల మీద ఆధారపడుతుంది, అన్యాయం అంటే ఆ భారానికీ వాస్తవంగా పడ్డ భారానికీ మధ్య అతిపెద్ద తేడా. న్యాయాన్నీ భాగస్వామ్యాన్నీ ఒకే సమీకరణంలోకి తెచ్చిన నిర్వచనం ఇది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారు ముందు ఇక్కడే ఆగి చదవాలి.

వాటాలు సమానం కాకపోతే ఏమిటన్న ప్రశ్నకు డచ్ గణితజ్ఞుడు రాబర్ట్ టైడ్‌మన్ 1980లో జవాబిచ్చారు. వేర్వేరు బరువులున్న రాష్ట్రాల సమాఖ్య ఏటా ఒక రాష్ట్రం నుంచి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలి. ఏ సంవత్సరంలో ఆగి చూసినా ఏ రాష్ట్రానికీ తన వాటాకూ వచ్చిన వంతులకూ మధ్య తేడా ఒక పూర్తి వంతుకు చేరకుండా చూడవచ్చని ఆయన నిరూపించారు.

రాని రోజు, కొత్త సభ్యులు

కారు ఖాతాలో రాని రోజుకు బాకీ లేదు. చాలా ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో లెక్క అలా ఉండదు. ఎవరెన్ని డ్యూటీలు చేశారన్న మొత్తాన్నే చూస్తారు. ఆరు నెలల ప్రసూతి సెలవు తర్వాత తిరిగొచ్చిన నర్సు ఆ మొత్తంలో అందరికన్నా వెనక ఉంటుంది. తక్కువ చేసినవారికి ముందు వేయాలన్న నియమం ఆమెకు వరసగా రాత్రి డ్యూటీలు వేస్తుంది. నియమంలో ఎవరి మీదా కక్ష లేదు, ఫలితం మాత్రం శిక్షే.

కంప్యూటర్లు ఇదే సమస్యను ఎదుర్కొన్న తీరు తెలుసుకోదగ్గది. లినక్స్‌లో 2007లో చేరిన, ఇంగో మోల్నార్ రాసిన కంప్లీట్లీ ఫెయిర్ షెడ్యూలర్ ప్రతి ప్రోగ్రామూ ప్రాసెసర్‌ను ఎంతసేపు వాడుకుందో రాసిపెట్టుకుని, అందరికన్నా తక్కువ వాడుకున్నదానికి తర్వాతి వంతు ఇచ్చేది. ఇక్కడ పంచేది భారం కాదు, వనరు. కొత్త ప్రోగ్రామును సున్నాతో మొదలుపెడితే, రోజుల తరబడి నడుస్తున్న పాతవాటిని అది అందుకునేదాకా ప్రాసెసర్ మొత్తం దానికే పోతుంది. అందుకని కొత్తదాన్ని అప్పటికి ఉన్న కనిష్ఠ అంకె దగ్గర చేర్చేవారు. చాలాసేపు నిద్రపోయి లేచిన ప్రోగ్రాముకు కూడా పోయిన కాలమంతా తిరిగి ఇచ్చేవారు కాదు, కొద్దిపాటి రాయితీ ఇచ్చేవారు. 2023లో ఈ షెడ్యూలర్ స్థానంలో అయాన్ స్టోయికా, హుస్సేన్ అబ్దెల్ వహాబ్ 1995లో ప్రతిపాదించిన పద్ధతి మీద ఆధారపడిన కొత్తది వచ్చింది. చేరడం, వెళ్లడం, తిరిగి రావడం అనే మూడు సందర్భాలకూ విడివిడి నియమాలు రాయక తప్పదన్న పాఠం మాత్రం మారలేదు.

మనుషుల విషయంలో ఇంకో మెట్టు ఉంది. ఎందుకు రాలేదన్నది యంత్రానికి అనవసరం, మనిషికి అవసరం. జబ్బు, కాన్పు, ఇంట్లో ముసలివారి సేవ, బద్ధకం అన్నిటినీ ఖాతా ఒకే ఖాళీ గడిగా చూపిస్తుంది. వాటి మధ్య తేడా చూపాల్సిన బాధ్యత ఖాతాను రాసే సమాజానిది.

బాగా చేసేవారి మీద భారం

1980లో రీడ్ స్మిత్ ప్రతిపాదించిన కాంట్రాక్ట్ నెట్ విధానం నేటికీ బహుళ ఏజెంట్ వ్యవస్థలకు పునాది. ఒక ఏజెంటు పనిని ప్రకటిస్తుంది, మిగతావి తమ బిడ్లు పంపుతాయి, మేలైన బిడ్ పంపినదానికి పని దక్కుతుంది. ఏ ఒక్క పనిని తీసుకున్నా ఈ పంపకం తెలివైనదే. వెయ్యిసార్లు జరిగాక చూస్తే గోదాము మధ్యలో ఉండే రోబో బ్యాటరీ అరిగిపోయి ఉంటుంది, మూలనున్నది కొత్తగానే ఉంటుంది. మనుషుల్లో దీన్ని చూడటానికి పరిశోధనే అక్కర్లేదు. పని చేసేవారికే ఇంకో పని చెబుతారు. కాలం గడిచేకొద్దీ నైపుణ్యం మీద పన్ను వేసినట్టవుతుంది, చేతకానట్టు కనిపించడం లాభసాటి అవుతుంది.

న్యాయం కోసం మొత్తం ఫలితంలో ఎంత వదులుకోవాలన్న ప్రశ్నకు డిమిట్రిస్ బెర్ట్‌సిమాస్, వివేక్ ఫరియాస్, నికోలస్ త్రికాకిస్ 2011లో న్యాయపు ధర అని పేరుపెట్టి హద్దులు కట్టారు. ఆ ధరను లెక్కించేటప్పుడు సమర్థులు విసిగి వెళ్లిపోతే కలిగే నష్టాన్ని కూడా అన్యాయం ఖాతాలో రాయాలి. అలా రాస్తే న్యాయం అంత ఖరీదైనదిగా కనిపించకపోవచ్చు.

ఇవాళ నాకు కుదరదు అన్న మాటను ఎంతవరకు నమ్మాలి? ఒక్క రోజు విషయంలో తేల్చే మార్గం దాదాపు లేదు. మాథ్యూ జాక్సన్, హ్యూగో సోనెన్‌షైన్ 2007లో పదేపదే జరగడమే దీనికి మందు అని చూపించారు. ఎవరికైనా సహజంగా నెలలో ఆరు రోజులు కష్టమైనవి అనుకుంటే, ఆరుసార్లు మాత్రమే ఆ మాట చెప్పే వీలు ఇవ్వాలి. అప్పుడు ఎవరైనా దాన్ని నిజంగా కష్టమైన రోజులకే దాచుకుంటారు. సందర్భాలు పెరిగేకొద్దీ అబద్ధం చెప్పి లాభపడే అవకాశం తరిగిపోతుంది.

ఎవరైనా చేస్తారా అని అడిగినప్పుడు

వంతులు లేకుండా, ఎవరికి వీలైతే వారు చేయండి అని వదిలేయడం స్వేచ్ఛగా కనిపిస్తుంది. లిండా బాబ్‌కాక్, మరియా రెకాల్డె, లీజా వెస్టర్లండ్, లారీ వైన్‌గార్ట్ 2017లో ప్రచురించిన ప్రయోగం ఈ స్వేచ్ఛ లోతును తరచి చూసింది. ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి, పది విడతల్లో ప్రతిసారీ రెండు నిమిషాల గడువు ఇచ్చారు. ఒకరు బటన్ నొక్కితే మిగతా ఇద్దరికీ రెండు డాలర్లు, నొక్కినవారికి డాలరూ పావు. ఎవరూ నొక్కకపోతే తలా ఒక్క డాలరే. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి ఉన్న బృందాల్లో మగవారితో పోలిస్తే ఆడవారు దాదాపు ఒకటిన్నర రెట్లు బటన్ నొక్కారు. ఆడవారే ఉన్న బృందాల్లోనూ, మగవారే ఉన్న బృందాల్లోనూ ఈ తేడా కనిపించలేదు. అంటే మగవారికి ఆ పని చేయడం రాక కాదు, పక్కన ఆడవారు ఉంటే వారే చేస్తారన్న నమ్మకం పనిచేసింది. మరో ప్రయోగంలో ఒకరిని పని అడగమని నాలుగో వ్యక్తికి చెబితే, అడిగేవారు ఆడవారైనా మగవారైనా, ఆడవారికే 44 శాతం ఎక్కువ అభ్యర్థనలు వెళ్లాయి. పదోన్నతికి పనికిరాని కమిటీ పనులు, మినిట్స్ రాయడాలు ఎవరి బల్ల మీద పేరుకుంటాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. పిలుపు అందరికీ ఒకటే అయినా, దాన్ని వినే చెవులు ఒకేలా పెరిగి ఉండవు.

ఇంటి పని ఇదే సమస్యకు అతి పెద్ద రంగస్థలం. భారత ప్రభుత్వ కాల వినియోగ సర్వే 2024 ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న ఆడవారు రోజుకు 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు వెచ్చించారు. ఈ సగటు పాల్గొన్నవారి మధ్యనే తీసింది. అసలు పాల్గొనేవారే ఆడవారిలో పదిమందికి ఎనిమిది మంది, మగవారిలో ముగ్గురికన్నా తక్కువ. భాగస్వామ్యాన్ని వదిలి నిమిషాలనే చూస్తే అసలు అంతరం సగం దాగిపోతుంది. జపాన్‌లో అయుమి ఇగరాషి, తొమోహికో యొకొయామా దంపతుల మధ్య ఇంటిపనులు పంచే యాప్‌ను న్యాయ పంపక సూత్రాలతో తయారుచేశారు. అలాంటి యాప్‌కు కూడా ఎవరో ఒకరు పనుల జాబితా ఇవ్వాలి. పప్పు నిండుకుందని గమనించడం, పిల్లల టీకా తేదీ గుర్తుంచుకోవడం, చెప్పిన పని అయిందో లేదో చూడటం కూడా శ్రమేనని ఆలిసన్ డామింజర్ 2019లో వివరించారు. జాబితా రాసే పని ఏ జాబితాలోనూ ఉండదు.

కాదనే హక్కు

ఖాతా ఎంత కచ్చితంగా ఉన్నా, తప్పుకునే వీలు లేనిచోట దాన్ని న్యాయం అనలేం. నిజాం కాలపు తెలంగాణలోని వెట్టి దీనికి మన చరిత్రలోనే ఉన్న సాక్ష్యం. దళిత కుటుంబాలు ఇంటికో మనిషి చొప్పున దొరల, పటేల్, పట్వారీల చాకిరికి పంపాల్సి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట గ్రంథంలో నమోదు చేశారు. చాకలి, కుమ్మరి, గౌడ, ఇలా ప్రతి వృత్తికులానికీ విడి విధులుండేవి. ఇంటికొకరు అన్నది ఆ ఇళ్ల మధ్య సమానమైన లెక్కే. అసూయ లేని పంపకమనే కొలత పెట్టి చూస్తే ఆ వాడలో పెద్ద తేడా దొరకకపోవచ్చు. కొలతకు దొరకనిది గడీలో ఉంది. పని చేయించుకునేవారు వంతుల పట్టికలోనే లేరు. ఆంధ్ర మహాసభ వెట్టి రద్దును ప్రధాన డిమాండ్లలో ఒకటిగా ఎత్తుకున్నప్పుడు వంతులను సరిచేయమని అడగలేదు, వెట్టినే తీసేయమంది. రాజ్యాంగం 23వ అధికరణం బలవంతపు చాకిరిని నిషేధించింది. వెట్టిచాకిరీ వ్యవస్థ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది.

ఇందుకు ఎదురు కోణంలో, లోపలికి రావడమే కొందరికి దక్కిన సందర్భం ఉత్తరమేరూరు. కాంచీపురం దగ్గరి ఈ ఊరి గుడి గోడ మీద మొదటి పరాంతక చోళుని కాలంలో, 919, 921 సంవత్సరాల్లో, చెక్కిన శాసనాలు గ్రామ కమిటీల ఎంపిక పద్ధతిని వివరిస్తాయి. 30 వార్డుల నుంచి అర్హుల పేర్లు తాటాకు చీటీల మీద రాసి కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాడి చేత తీయిస్తారు. అలా తేలిన 30 మందిలో 12 మంది వార్షిక కమిటీకి, 12 మంది తోటల కమిటీకి, ఆరుగురు చెరువు కమిటీకి వెళ్తారు. గడువు 360 రోజులు. గత మూడేళ్లలో కమిటీలో ఉన్నవారి పేరు కుండలోకి రాదు. వంతులు తిప్పడం, చీటీ, విరామం మూడూ కలిపిన ఈ నియమం నేటి షెడ్యూలింగు నిపుణులకు కూడా నచ్చుతుంది. అయితే పేరు కుండలో పడాలంటే పన్ను కట్టే భూమి ‘వేలి’ అనే కొలతలో పావుకు మించి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వయసు 35కూ 70కీ మధ్య ఉండాలి, వేదవిద్య తెలిసి ఉండాలి. అది బ్రాహ్మణ అగ్రహారం. చెరువు కింద పొలం దున్నేవారికి చెరువు కమిటీలో చీటీ లేదు.

టోకెన్లు

ఖాతాను కేంద్రం రాయకుండా సభ్యుల చేతికే చీటీల రూపంలో ఇచ్చే పద్ధతి ఇంకొకటి. 1970లలో వాషింగ్టన్‌లోని క్యాపిటల్ హిల్‌లో దాదాపు 150 కుటుంబాలు ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకునే సహకార సంఘంలో ఉండేవి. అరగంట చూస్తే ఒక కూపన్. కూపన్లు కొరతగా ఉండటంతో ముందుముందు అవసరమవుతాయని అందరూ దాచుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ బయటికి వెళ్లకపోతే ఎవరికీ పిల్లల్ని చూసే అవకాశం రాదు, కూపన్ సంపాదించే దారీ ఉండదు. పంపకం ఆగిపోయింది. నెలకిన్నిసార్లు బయటికి వెళ్లి తీరాలన్న తరహా నిబంధనలతో సంఘం తంటాలు పడింది. చివరికి కూపన్లు ఎక్కువ ముద్రించాక చలనం వచ్చింది. జోన్, రిచర్డ్ స్వీనీ దంపతులు 1977లో రాసిన ఈ కథనం ద్రవ్య విధానానికి పాఠంగా ప్రసిద్ధి పొందింది. భాగస్వామ్యం దృష్టితో చూసినా అది విలువైనదే. న్యాయమైన ఖాతా కూడా సభ్యులను భయపెట్టి ఇంట్లో కూర్చోబెట్టగలదు.

అమెరికాలోని ఆహార బ్యాంకుల సమాఖ్య ఫీడింగ్ అమెరికా 2005లో చేపట్టిన మార్పు ఇంతకన్నా సఫలమైంది. అంతకుముందు లారీ సరుకును కేంద్ర కార్యాలయం క్యూ ప్రకారం కేటాయించేది. ఫలానా బ్యాంకుకు ఏం కావాలో కేంద్రానికి తెలిసేది కాదు. కొత్త పద్ధతిలో ఒక్కో బ్యాంకుకు అది సేవచేసే ప్రాంతంలోని పేదరికం మేరకు షేర్లు అనే ఊహా కరెన్సీ ఇచ్చారు. రోజుకు రెండుసార్లు వేలం జరుగుతుంది. ఖర్చయిన షేర్లు రాత్రికి మళ్లీ అవసరం మేరకే అందరికీ చేరతాయి. చిన్న బ్యాంకులు అప్పు తీసుకోవచ్చు, కలిసి బిడ్ చేయవచ్చు. ఎవరికీ పెద్దగా అక్కర్లేని సరుకుకు ధర మైనస్‌లోకి కూడా వెళ్తుంది, దాన్ని మోసుకెళ్లినవారికి షేర్లు వస్తాయి. రూపకల్పనలో పాల్గొన్న ఆర్థికవేత్త కానిస్ ప్రెండర్‌గాస్ట్ దీన్ని వివరంగా రాశారు. వద్దు అనే మాటకు జరిమానా లేకపోవడం, అవసరం ఉన్నవారికి ఎక్కువ కొనే శక్తి ఉండటం ఈ పద్ధతి బలం.

యాప్ పంచే పని

నీతి ఆయోగ్ 2022 నివేదిక 2020–21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలమంది ఉన్నారని, 2029–30 నాటికి 2.35 కోట్లకు చేరతారని అంచనా వేసింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వీధుల్లో బైకుల మీద తిరిగే డెలివరీ కార్మికుల రోజంతా వందల చిన్న కేటాయింపుల వరస. ప్రతి ఆర్డరూ దగ్గరున్నవారికి వెళ్తే ఆ ఒక్క ఆర్డరు త్వరగా చేరుతుంది. ఒకే హోటళ్ల వీధిలో నిలబడగలిగినవారికి రోజు నిండుతుంది, మిగతావారు లాగిన్ అయి ఖాళీగా ఎదురుచూస్తారు.

కృష్ణ గుమ్మడి, అభిజ్ఞాన్ చక్రబర్తి తదితరులు 2019లో ట్యాక్సీ కేటాయింపులపై రాసిన పత్రం, న్యాయాన్ని ఒక్కో రైడ్‌లో వెతకకుండా కాలం మొత్తం మీద చూడాలని, డ్రైవరు ఆదాయం అతను పనికి సిద్ధంగా ఉన్న సమయానికి అనుపాతంలో ఉండాలని ప్రతిపాదించింది. ఐఐటీ ఢిల్లీ బృందం 2022లో ఫెయిర్‌ఫూడీ పేరుతో ఇదే ఆలోచనను భారతీయ ఆహార డెలివరీ సమాచారంపై పరీక్షించి, డెలివరీ సమయం పెద్దగా పెరగకుండానే ఆదాయాల మధ్య అంతరం తగ్గించవచ్చని చూపించింది. ఎదురుచూసిన గంటను కూడా పాల్గొన్న గంటగానే రాయడం ఇందులోని కీలకం. కారు సమస్యలో వచ్చినవారందరి పేరా ఖాతా రాసినట్టే ఇదీ. కంపెనీలు మాత్రం సాధారణంగా చేసిన ఆర్డరుకే డబ్బిస్తాయి. వద్దన్న ఆర్డర్లను వేరే అంకెగా లెక్కబెట్టి, ఆ అంకె మీద ప్రోత్సాహకాలు ఆధారపడేలా చేసినచోట కాదనే హక్కు కాగితం మీదే మిగులుతుంది.

చట్టం ఇప్పుడిప్పుడే ఇటు చూస్తోంది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను తొలిసారి నిర్వచించింది. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో ప్రత్యేక చట్టాలు తెచ్చాయి. పనిని ప్రభావితం చేసే ఆటోమేటెడ్ వ్యవస్థల గురించి కార్మికులకు తెలియజేయాలని కర్ణాటక చట్టం చెబుతుంది. ఐరోపా సమాఖ్య 2024 ఆదేశం ఇంకా ముందుకెళ్లి, అల్గారిథం నిర్ణయానికి వివరణ అడిగే హక్కును, మనిషి చేత పునఃపరిశీలన కోరే హక్కును ఇచ్చింది.

నియమం ఎవరు రాయాలి

ఉపాధి హామీ పనుల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కూర్చారు. తవ్విన మట్టిని బృందం మొత్తానికి కొలిచి కూలి పంచే చోట, బలం తక్కువైన ముసలివారు చేరితే అందరి కూలీ కొంత తగ్గుతుంది. పంపకం ఎంత సమానమైనా, సంఘంలోకి ఎవరిని రానిచ్చారన్న దగ్గరే అసలు న్యాయం తేలిపోతుంది. నియమం రాసేటప్పుడు ఆ ముసలివారూ కూర్చుని ఉంటే కొలత వేరుగా ఉండేది.

అలా కూర్చోబెట్టే ప్రయత్నాల్లో వివరంగా నమోదైనది పిట్స్‌బర్గ్‌లో జరిగింది. 2015లో ఏర్పడిన 412 ఫుడ్ రెస్క్యూ అనే సంస్థ దుకాణాల్లో మిగిలిన ఆహారాన్ని వాలంటీర్ల కార్లలో పేదలకు సేవచేసే సంఘాలకు చేరుస్తుంది. ఏ సరుకు ఏ సంఘానికి వెళ్లాలన్నది రోజూ ఎదురయ్యే కేటాయింపు. మిన్ క్యుంగ్ లీ బృందం 2019లో ప్రచురించిన వీబిల్డ్‌ఏఐ పరిశోధనలో దాతలు, వాలంటీర్లు, సంఘాలు, సిబ్బంది తమతమ న్యాయ దృష్టిని చెప్పడానికి అవకాశం దొరికింది. దూరం ఇంత, పేదరికం ఇంత, పోయినసారి సరుకు అంది ఇన్ని వారాలైంది అన్న వివరాలతో ఇద్దరిద్దరు గ్రహీతలను చూపించి ఎవరికివ్వాలో ఎంచుకోమన్నారు. ఆ ఎంపికల నుంచి ఒక్కొక్కరికీ ఒక నమూనా తయారైంది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఈ నమూనాలన్నీ గ్రహీతలకు ర్యాంకులు ఇచ్చి, ర్యాంకులను పాయింట్లుగా కూడే బోర్డా పద్ధతిలో ఓటు వేస్తాయి. ఎవరి ఓటుకు ఎంత బరువుండాలో కూడా వారినే అడిగారు. పాత కేటాయింపులతో పోలిస్తే, ప్రయాణ దూరం పెద్దగా పెరగకుండానే ఎక్కువ పేదరికమున్న ప్రాంతాలకు సరుకు మళ్లింది. నమూనాలు కట్టే క్రమంలో కొందరు తమ పాత అభిప్రాయాల్లోని పొరపాట్లను గుర్తించి మార్చుకున్నారు. సంస్థ సిబ్బందికి తమ నిర్ణయాల్లో ఎక్కడ వివక్ష దొర్లుతోందో కనిపించింది.

ఇలాంటి పద్ధతిని వేలమంది వచ్చిపోయే డెలివరీ యాప్‌కు ఎలా సరిపెట్టాలి, నిన్న రాసిన నమూనా రేపటి సభ్యులకు ఎంతకాలం వర్తించాలి, వెళ్లిపోయినవారి ఓటు ఎప్పుడు తీసేయాలి అన్న ప్రశ్నల మీద ఇప్పుడు పని సాగుతోంది. భాషా నమూనాలతో నడిచే సాఫ్ట్‌వేర్ ఏజెంట్లు మనుషుల తరఫున పనులు పుచ్చుకోవడం, పంచడం మొదలయ్యాక, ఖాతాలో పేరు ఏజెంటుదా, దాన్ని పంపిన మనిషిదా అన్న ప్రశ్న కూడా వీటికి తోడైంది.